జానెడు మొక్కకు మూరెడు భయం

వానలు వెనకపట్టాక ఆ కొండల మీద ఆర్కిడ్లు విరగబూస్తాయి. కొమ్మకొమ్మకూ వేళ్లు పెనవేసుకుని పసుపు, ఊదా, తెలుపు గుత్తులు. ఆ రోజుల్లో అడవి జంతువులన్నీ పలకబండ మీద పూల పోటీ పెట్టుకునేవి. ఏ మొక్క ఏ వరసలో కూర్చోవాలో తాబేలు తాత ఏనాడో తేల్చేశాడు. వేరు మొదలు నుంచి ఆకు కొస దాకా జానెడు లోపుంటే చిట్టి వరస, మూరెడు లోపుంటే నడిమి వరస, ఆపైన పెద్ద వరస. పువ్వు కాడను మాత్రం లెక్కించకూడదు.

ఆ ఏడు తాబేలు తాత కన్నుమూశాడు. కొలత పుల్ల నక్క చేతికి చేరింది. పోటీకి పెద్దగా చిరుతపులి వచ్చి కూర్చుంది.

"పోటీకి వచ్చినవాళ్లను ముట్టను. గెలిచినవాళ్ల ఇంటి ఛాయలకు ఏడాదిపాటు రాను" అని మాటిచ్చింది చిరుత.

నక్క గొంతు సవరించుకుంది. "కొలత తప్పి మొక్కను వేరే వరసలో పెట్టినవాళ్లు మాత్రం దొంగలు. వాళ్లు బండ చుట్టూ గీసిన ఈ ఎర్రమట్టి గీత దాటి నిలబడాలి. గీత అవతల దొరవారి మాట చెల్లదు."

ఆ మాట వినగానే ఉడత గీతకు దూరంగా జరిగింది. పది రోజులుగా చిరుత దాని చెట్టు చుట్టూనే తిరుగుతోంది. తొర్రలో మూడు పిల్లలు, నిన్నగాక మొన్న కళ్లు తెరిచాయి. గెలిస్తే వాటికి ఒక ఏడాది ఆయుష్షు. అందుకే ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చింది.

ముందు చిట్టి వరసలో కుందేలు వంతు. నక్క పుల్లను వేరు దగ్గర మోపి, ఆకు దాటించి, పై పువ్వు దాకా లాగింది.

"జాన మీద నాలుగు వేళ్లు! తప్పు వరస. గీత దాటు."

"అదేంటి నక్కబావా! తాత ఆకు కొసతోనే ఆపేవాడు కదా?"

"తాత పోయాడు. పుల్ల నా దగ్గరుంది."

చిరుత తీరిగ్గా ఆవలించింది. ఆ కోరలు చూశాక కుందేలు కాళ్లీడ్చుకుంటూ గీత దాటింది. తర్వాత ముంగిస. దానికీ అదే కొలత, అదే తీర్పు. అదీ వెళ్లి కుందేలు పక్కన నిలబడింది.

"ఉడతా, నీ వంతు!"

ఉడత మొక్క ఆకులు బెత్తెడే. కాడ మాత్రం జానెడున్నర. పారిపోదామా అని చెట్టు వైపు చూసింది. తనకు ఇరవై గెంతులు, చిరుతకు ఒక్క దూకు. ఏం చెయ్యాలో తోచక చూపు అటూ ఇటూ తిప్పింది. చిట్టి వరస మొదట్లోనే నక్క మొక్క కనిపించింది. పొట్టి ఆకులు, వాటి మీద మూరెడు కాడ, కాడ నిండా పసుపు పూలు. అందరి కళ్లూ చిరుత మీదే ఉంటే దాన్నెవరు చూస్తారు?

ఉడత నోరు విప్పింది. "నక్కబావా, నాకు కొలతలూ గిలతలూ తెలియవు. ముందు నీ మొక్క కొలిచి చూపించు. చూసి నా తప్పేదో నేనే ఒప్పుకుంటాను."

"నాది ఇంట్లోనే కొలుచుకొచ్చాను!"

"మళ్లీ కొలువు. ఎంతసేపు?" అంది చిరుత, ఆకలి విసుగుతో.

నక్క గబగబా పుల్ల పెట్టి ఆకు కొస దగ్గర ఆపేసింది. "జానకు రెండు వేళ్లు తక్కువ. చిట్టి వరసే!"

"మరి కాడ మిగిలిపోయిందే బావా?"

"కాడ లెక్కలోకి రాదు!" నోరు జారింది నక్క.

"అయితే కుందేలన్న తప్పు లేదు, ముంగిసక్క తప్పూ లేదు. వాళ్లను ఇవతలికి పిలువు మరి."

చిరుత తోక ఆడటం ఆగిపోయింది. "నా నోటికాడి కూడు వెనక్కి పిలుస్తావా నక్కా?"

"లేదు దొరా! వస్తుంది, కాడ లెక్కలోకి వస్తుంది!"

"వస్తే నీది మూరెడు మొక్క బావా. చిట్టి వరసలో ఎందుకుంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నక్క చిరుత దగ్గరకు జరిగింది. "దొరా... పొద్దున మనం అనుకున్న ఒప్పందం..."

"అది గీత ఇవతల అనుకున్నాం" అంది చిరుత, లేచి ఒళ్లు విరుచుకుంటూ. దాని చూపు కుందేలు మీద, ముంగిస మీద ఒక్క క్షణం ఆగి, నక్క బలిసిన పొట్ట మీద నిలిచింది. "దాటు."

నక్క దాటలేదు, పరుగు తీసింది. కానీ ఎటు పరిగెత్తినా గీత అవతలే కదా! చిరుత ఒక్క దూకు దూకింది. వెదురు పొదలోంచి ఒక కేక వచ్చింది. రెండోది రాలేదు.

కుందేలు, ముంగిస తలోదిక్కు పారిపోయాయి. ఉడత మొక్కను అక్కడే వదిలేసి తొర్రలోకి దూరి పిల్లలను కడుపులో పొదువుకుంది. పొద్దు వాలేదాకా దాని వణుకు తగ్గలేదు. పిల్లలు మాత్రం ఆ వణుకును జోల అనుకుని నిద్రపోయాయి.

ఎదుటివాడి కోసం వంచిన కొలత, వంచినవాడి మెడను కొలవక మానదు.