ఫాజీ వేసిన మూడో ముడి

అనగనగా అంటే ఎంత పాత కాలమని అడుగుతారు మీరు. ఆ మంచుకొండలు ఇప్పటికంటే ఇంకాస్త పొడుగ్గా ఉండేవని అక్కడివాళ్ళు చెప్పుకునేంత పాత కాలం. అంతకుమించి నాకూ తెలియదు. ఊ కొడుతూ వినండి.

ఆ కొండల మధ్య ఒక లోయ. లోయ అడుగున, నీటి ఊట పక్కన, అమ్మవారి గుడి. సగం కొండ ఎక్కితే పీరుగారి దర్గా. ఇంకా పైకి వెళ్తే, చెట్లు కూడా చలికి ఎదగడం మానేసిన చోట, కొయ్యతో కట్టిన మసీదు. మసీదు వెనక కనుమ. కనుమ దాటితే ఉప్పు దొరికే దేశం. యాత్రకి వచ్చినవాళ్ళు గుడి చూసి, దర్గా చూసి, మసీదు చూసి గానీ దిగేవారు కాదు. గుడికొచ్చినవాళ్ళకి మసీదుతో పనేమిటని ఎవరైనా అడిగితే, ఇంత దూరం ఎక్కి ఒక గడప దగ్గరే ఆగిపోతామా అని నవ్వేవారు.

ఆ మూడు చోట్లా ఒక ఆచారం. కష్టమొచ్చినవాళ్ళు తమ ఒంటిమీది అంగీ అంచు చింపి, ఆ పేలికని కిటికీ ఊచకి ముడివేసి మొక్కుకుంటారు. కోరిక తీరాక వచ్చి విప్పుకుంటారు. ఎవరు వేసిన ముడి వాళ్ళే విప్పాలి. కత్తి పెట్టకూడదు. ఎవరి కోసం మొక్కారో ఆ మనిషి పోతే అప్పుడూ వచ్చి విప్పాల్సిందే. విప్పకపోతే పోయినవాళ్ళు ముందుకి కదల్లేక ఆ చలిలోనే నిలబడిపోతారని నమ్మకం. మనిషి బతికుండి, కోరిక ఇంకా తీరకముందే విప్పేస్తే మాత్రం, ఇంటికొచ్చే దారి మరిచిపోతాడట.

ఆ మూడు చోట్లకీ కట్టెలు మోసేది ఫాజీ. గుడిలో ప్రసాదం పొయ్యికి, దర్గాలో అన్నదానం పొయ్యికి, మసీదు నేల వెచ్చగా ఉండటానికి రాళ్ళ కింద పెట్టే మంటకి, అన్నిటికీ ఆవిడ కట్టెలే. మనిషి పొట్టి. దూరం నుంచి చూస్తే మోపు ఒక్కటే నడిచొస్తున్నట్టుండేది. ఫాజీ కట్టిన మోపు కొండమీంచి దొర్లినా ఊడదని పేరు. ఆవిడ తాడు తడిపేది, మూడు మెలికలు తిప్పేది, మోకాలు ఆనించి బిగించేది. అలా బిగించిన ముడిని విప్పే బాధ ఎవరూ పెట్టుకునేవారు కాదు. తాడు తెగ్గోసి కట్టెలు తీసుకునేవారు.

ఫాజీకి మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, పేరు గనీ. తల్లి పోలిక ఒక్కటీ లేదు వాడికి, తాడిచెట్టంత పొడుగు. ఆ ఏడు ఉప్పు బేరగాళ్ళతో కంచరగాడిదలు తోలుకుంటూ కనుమ దాటి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఫాజీ రాత్రంతా రొట్టెలు కాల్చింది. మూట కట్టింది. ఎలా కట్టింది? తాడు తడిపింది, మూడు మెలికలు తిప్పింది, మోకాలు ఆనించి బిగించింది.

మూట చూసి గనీ నవ్వాడు. "మంచు పడేలోపు వచ్చేస్తానమ్మా" అన్నాడు.

మంచు పడింది. బేరగాళ్ళు వచ్చారు. గనీ రాలేదు. కనుమ మీద ఒక కంచరగాడిద జారిపోయిందనీ, దాన్ని వెతుకుతూ గనీ వెనకబడ్డాడనీ, ఇంతలో మంచుగాలి కమ్మేసిందనీ చెప్పారు. చనిపోయాడా అంటే తెలియదన్నారు. ఉన్నాడా అంటే అదీ తెలియదన్నారు. తలలు మాత్రం పైకెత్తలేదు.

ఫాజీ ఏడవలేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు గదా. అంగీ అంచు మూడు పేలికలుగా చింపుకుని బయల్దేరింది.

ముందు గుడికి వెళ్ళింది. పేలిక తడిపింది, మూడు మెలికలు తిప్పింది, మోకాలు ఆనించి బిగించింది. మరీ అంత బిగించొద్దమ్మా, రేపు విప్పుకోవాలి గదా అని పూజారి నెమ్మదిగా చెప్పాడు. తరవాత దర్గాకి వెళ్ళింది. తడిపింది, తిప్పింది, బిగించింది. దర్గా చూసుకునే ముజావరు కూడా అదే మాట అన్నాడు. చివరికి మసీదుకి ఎక్కింది. కనుమ వైపు ఉన్న కిటికీ ఎంచుకుంది. అక్కడ ముల్లా ఏమీ అనలేదు. ఆవిడ వీపు మీది మోపు దించి, పని అయ్యేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"జారిపోతే ఎలాగయ్యా?" అంది ఫాజీ తనే.

పాపం, చేతులకి అదొక్కటే వచ్చు. దేవుడికైనా అలాగే కట్టింది.

ఏళ్ళు గడిచాయి. మంచు పడేది, కరిగేది. ఫాజీ కట్టెలు మోస్తూనే ఉంది. మోపు దించిన ప్రతిసారీ తన ముడి తడిమి చూసుకునేది. ఇంక విప్పెయ్యమని ఇరుగుపొరుగు అనేవారు. వాడు ఉంటే, విప్పడం వల్ల దారి తప్పుతాడు. పోయి ఉంటే, విప్పకపోవడం వల్ల ఆ చలిలో నిలబడి ఉంటాడు. ఏది నిజమో చెప్పేవాళ్ళు లేరు. గుడిలో అడిగింది, దర్గాలో అడిగింది, మసీదులో అడిగింది. తల్లి మనసుకి తెలియనిది మాకేం తెలుస్తుందన్నారు ముగ్గురూ. ఆవిడ మనసుకేమో రోజుకో రకంగా తెలిసేది.

ఇలా ఉండగా ఒక వేసవి, ఎన్నడూ లేనంత ఎండ కాసింది. ఎన్నడూ కరగని మంచు కరిగింది. బేరగాళ్ళు కనుమ దాటి వస్తూ ఒక బండరాతి మరుగున గనీని చూశారు. అక్కడే మట్టి చేసి, దొరికిన మూట తెచ్చి ఫాజీ ముందు పెట్టారు.

రొట్టెల మూట. అది విప్పి లేదు.

ఫాజీ ఒళ్ళో పెట్టుకుని చూసింది. తాడు మీద మూడు మెలికలూ అలాగే ఉన్నాయి. మెలికల మీద పంటిగాట్లు ఉన్నాయి. గనీ నడుముకి కట్టుకునే కత్తి కంచరగాడిదతో పాటే పోయిందేమో. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో లాగి లాగి, ఇంక చేతకాక పళ్ళతో కొరికాడు కాబోలు బిడ్డ. అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది.

"తినలేదు" అంది ఫాజీ. అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఆ ఏడుపు చెప్పడం నా వల్ల కాదు, నన్ను వదిలేయండి.

ఆ రోజే కొండకి బయల్దేరింది. గుడిలో ముడి ముందు కూర్చుంది. పూజారి గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పోశాడు. సాయంత్రానికి ముడి ఊడింది. కొన్నాళ్ళకి ఓపిక తెచ్చుకుని దర్గాకి ఎక్కింది. అక్కడ ముజావరు నూనె తెచ్చి రాశాడు. గోళ్ళు విరిగాయి గానీ ముడి ఊడింది. ఆ తరవాత జ్వరం పట్టుకుంది. లేచేసరికి చలికాలం తలుపు దగ్గరే ఉంది. వద్దన్నా వినకుండా మసీదుకి ఎక్కింది, దారిలో ఏరిన నాలుగు పుల్లలు చంకలో పెట్టుకుని.

కనుమ గాలి తగిలే కిటికీ అది. వానకి తడిసి, మంచుకి బిగిసి, పేలిక మొద్దులా గట్టిపడిపోయింది. ఫాజీ వేళ్ళతో లాగింది. తరవాత పళ్ళతో లాగింది. మంచు మొదలైంది. ముల్లా బయటికొచ్చి బతిమాలాడు. లోపల నేల వెచ్చగా ఉంది, అవి నువ్వు మోసిన కట్టెలే తల్లీ, కాసేపు కూర్చుని మళ్ళీ విప్పుకోమన్నాడు.

"వాడు బయటే ఉన్నాడు గదయ్యా" అంది ఫాజీ.

ముల్లా తన దుప్పటి తెచ్చి కప్పాడు. నిప్పుల కుండ తెచ్చి పక్కన పెట్టాడు. అంతకంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? తెల్లారి చూస్తే ఫాజీ కిటికీకి తల ఆనించి ఉంది. పేలిక కొస పళ్ళ మధ్య ఉంది. మెలికల్లో రెండు విడిపోయాయి. ఒకటి మిగిలింది.

కబురు విని పూజారి ఎక్కివచ్చాడు, ముజావరు ఎక్కివచ్చాడు. మసీదు పక్కనే ఆవిడని మట్టి చేశారు. ఇప్పుడు ఆ మిగిలిన మెలిక సంగతేమిటి? కోసేద్దామని పూజారి కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. కొయ్యకూడదు గదా అన్నాడు ముజావరు. అప్పుడు అక్కడికి ఒక ముసలావిడ వచ్చింది, ఏ ఊరో ఏమో, తన మనవడికి నెమ్మదిస్తే తన ముడి విప్పుకుందామని. సంగతంతా విని ఫాజీ ముడి దగ్గరికి వెళ్ళింది.

"మనం విప్పొద్దు. ఆవిడే విప్పుకుంటోంది, కాస్త చెయ్యి సాయం చేద్దాం" అని, పేలికని రెండు వేళ్ళతో ఇంచుక లాగి వదిలింది.

ఆవిడ తరవాత ముల్లా లాగాడు. పూజారి లాగాడు. ముజావరు లాగాడు.

ఇప్పటికీ ఆ లోయలో ప్రయాణానికి వెళ్ళే బిడ్డకి ఏ తల్లీ రొట్టెల మూట ముడివేసి ఇవ్వదు. గుడ్డ మడిచి కొస దోపి ఇస్తుంది, వేలు పెడితే వచ్చేసేలా. మొక్కు ముళ్ళు కూడా వదులుగానే వేస్తారు. కనుమ కిటికీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే, తమ ముడి ముట్టుకునే ముందు ఆ నల్లబడ్డ పేలికని ఇంచుక లాగి, "ఇంకొంచెమే ఉంది తల్లీ" అంటారు. బిడ్డని పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకి వెళ్ళినా, వేరే మాట తోచక, అదే మాట అని కూర్చుంటారు.

కథలన్నీ చివరికి కంచికి వెళ్తాయంటారు. ఇది మాత్రం వెళ్ళలేదు. ఒక మెలిక మిగిలింది గదా, ఆ కిటికీ దగ్గరే ఉంది.