నాలుగు గుమ్మాల బుట్ట

అనగా అనగా, రౌద్రి నామ సంవత్సరంలో, ముసురు పట్టిన శ్రావణంలో, ఒక ఊళ్ళో మేదరి కోడలు ఉండేది. పేరు పైడమ్మ. పల్లపు వీధిలో కాపురం, బుట్టలల్లడం పని. జ్వరాలన్నీ ఆ వీధి పిల్లలకే. మిట్ట వీధి పిల్లలు గంతులేస్తుంటే వీళ్ళు మంచాలకి అతుక్కుపోయేవాళ్ళు. పైడమ్మ కూతురికీ తగిలింది. మందు వేస్తే తగ్గుతుంది, బావినీళ్ళు తాగితే మళ్ళీ వస్తుంది. ఊ కొడుతున్నారా?

పిల్లని చంకనేసుకుని కచేరీకి పోయింది. అక్కడ నలుగురు అధికారులు, నాలుగు గుమ్మాలు. ఒకరి గడప ఒకరు తొక్కరు, అదో పరువు! వైద్యుణ్ణి అడిగితే, జ్వరం నాది, బావి నాది కాదన్నాడట. బావుల అధికారిని అడిగితే, బావి నాది, అందులో చేరే మురుగు నాది కాదన్నాడట. మురుగు అధికారిని అడిగితే, కాలువ నాది, దానికి అడ్డంగా కట్టిన గాదెల గోడ నాది కాదన్నాడట. గాదెల అధికారిని అడిగితే, గోడ నాదే, పడగొట్టాలంటే జ్వరాలకి అదే కారణమని వైద్యుడు చెప్పాలన్నాడట. మళ్ళీ మొదటి గుమ్మం! అబద్ధమాడినవాడు ఒక్కడూ లేడు, చూశారా. పిల్ల ఒళ్ళు మాత్రం కాలిపోతోంది.

అప్పుడే గాదెల అధికారి పెద్ద బుట్ట ఒకటి పురమాయించాడు. పైడమ్మ ఏం చేసిందనుకున్నారు? వెదురు బద్దలు వైద్యుడి గుమ్మంలో, సన్న పేళ్ళు బావుల గుమ్మంలో, అంచు కట్టే బెత్తం మురుగు గుమ్మంలో, నార గాదెల గుమ్మంలో పడేసి కూర్చుంది.

"బుట్ట ఏదే?" అని గాదెలాయన గుడ్లురిమాడు.

"ఇచ్చేశానయ్యా. నాలుగు గుమ్మాల్లో ఉంది, ఏరుకోండి."

"నాలుగు చోట్ల పడుంటే బుట్టెలా అవుతుందే, పిచ్చిదానా!"

"నా పిల్లకి జ్వరమెలా తగ్గుతుందో, ఇదీ అలాగే అవుతుందయ్యా."

కచేరీ మేడ మీద ఉన్న ఆ ఊరి రాజుగారు ఈ మాటలు విన్నారు. నవ్వలేదు. కిందికి దిగి, నలుగురినీ వెంటబెట్టుకుని పల్లపు వీధికి నడిచారు. రాజు పాదం ఆ బురదలో పడటం అదే మొదటిసారి! నలుగురూ తలపాగాలు తీసి, ఒకే గునపం చేతులు మార్చుకుంటూ గోడ పడగొట్టారు. చివరి రాయి కదలగానే, నాయనా, ఏళ్ళ తరబడి నిలిచిన నల్లనీళ్ళు ఏనుగుల మందలా లేచి పోయాయి! వీధంతా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తర్వాత బావి తోడారు, కడిగారు, మళ్ళీ తోడారు. మూడో రోజున పైడమ్మ వంగి చూస్తే అడుగున గులకరాళ్ళు! ఆ బావికి అడుగుందని ఆ వీధిలో ముసలివాళ్ళకి కూడా తెలీదు.

పిల్ల లేచి గంజి తాగింది. కచేరీలో నాలుగు గుమ్మాలూ మూసి ఒకే వాకిలి పెట్టారు. ఎవరి పని వాళ్ళు చేస్తే చాలదర్రా, పక్కవాడి పనిలోనూ చెయ్యి వెయ్యాలి. కథ గడప దాటింది, మీరు మంచమెక్కండి.

గాదెలేమయ్యాయంటారా? గోడ పోయాక నీళ్ళు చేరి, ఒక గాదెలో ధాన్యమంతా తడిసి మొలకెత్తింది. ఆ ఏడు కోటలో కూడా అంబలే తాగారు.