ఆరువందల గడులు, ఒక్క దస్తూరి

ఏరు పొంగి నాలుగు రోజుల్లో ఊళ్ల మీద పడుతుందని ఎగువ నుంచి కబురొచ్చింది. రాజుగారు కాగితపు చుట్ట మీద ఊరికో గడి చొప్పున ఆరువందల గడులు గీయించారు. అన్నింట్లోనూ ఒకే మాట రాయాలి: "పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో వెంటనే మెరకకు చేరండి."

"నా దస్తూరి లేనిదే అది రాజాజ్ఞ కాదు. నాకు పన్నెండు రోజులు కావాలి," అన్నాడు ఆస్థాన లేఖకుడు అనంతభట్టు, మీసం సవరించుకుంటూ.

రాణిగారి చీరలకు అద్దకం వేసే నాంచారమ్మ ముందుకొచ్చింది. "అయ్యగారూ, ఒక్క గడి రాసివ్వండి. మిగతావి రేపటికి నేను నింపుతాను."

భట్టు నవ్వుతూ రాసిచ్చాడు.

మర్నాడు ఆమె గడులన్నీ కత్తిరించి గంపలో పోసి తెచ్చింది. సభ నోరెళ్లబెట్టింది. ప్రతి చీటీలోనూ అదే వంపు, అదే కొమ్ము, అదే తలకట్టు. రాజుగారు రెండు చీటీలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇవన్నీ దొంగరాతలు ప్రభూ!" భట్టు అరిచాడు. "నా రాతను నేను చూడగానే పట్టేస్తాను."

"పట్టండి అయ్యగారూ," అంది నాంచారమ్మ.

భట్టు గంపంతా కెలికి ఒకటి పైకెత్తాడు. "ఇదిగో, ఇదే నా చేతి రాత!"

"మీరు రాసింది చెక్కకు బోర్లా అంటించి, ఆ గీతల వెంటే ఉలి నడిపి అద్దకపు అచ్చు చెక్కాను. మీ కాగితం నిన్ననే చెక్కపొట్టుతో పాటు రాలిపోయింది, దాని బదులు ఇంకో చీటీ వేశాను. మీ చేతిలో ఉన్నదీ నా అచ్చే."

రాజుగారు గంపను రౌతులకు అందించి, "ఇది తన దస్తూరేనని భట్టుగారే ఒప్పుకున్నారు, బయల్దేరండి," అన్నారు.