శాలువా కప్పుకున్న రాయి

పొన్నగిరి రాజు ఉద్దండ భూపాలుడికి ఒకనాడు పొద్దున్నే నెమళ్ల మీద మనసు పోయింది. కోటను ఆనుకుని నెమళ్ల తోట కావాలన్నాడు. కోటను ఆనుకుని ఉన్నదేమో గానుగ గౌరమ్మ ఇల్లు.

"అదెంత పని ప్రభూ! రేపే పడగొట్టిద్దాం," అన్నాడు మంత్రి అక్కిరాజు. రాజుగారు తుమ్మితే అందరికంటే ముందు "చిరంజీవ" అనే మనిషి ఆయన.

అయితే పొన్నగిరిలో ఒక కట్టడి ఉంది. రాజుగారి తాత కొలువులో ఒక రాయి నాటించి, ఏలేవాడు ఏం చేయకూడదో దాని మీద చెక్కించి పోయాడు. ఏ ఆజ్ఞనైనా శాసనాలు చూసే పేరోజు ఆ రాతితో సరిచూడాలి. అతను సరేనంటేనే దండోరా.

పేరోజు మూడో వరుస మీద వేలు పెట్టి చదివాడు. "ఎవరి ఇల్లయినా వారి మాట వినకుండా కూల్చరాదు. కూల్చమన్నది రాజైనా సరే."

గౌరమ్మ గుమ్మం బయటే నిలబడి, నూనె చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. ఇల్లు పోతే గానుగ పోతుంది, గానుగ పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

"ఆమెను లోపలికి పిలిచి అడగండి ప్రభూ," అన్నాడు పేరోజు.

అక్కిరాజు నవ్వాడు. "వందమంది సభ్యులు చేతులెత్తితే ఒక్క రాయి అడ్డమా? సభ మాటే శాసనం! పాపం, ఈ రాయి చాలాకాలం కష్టపడింది. పట్టుశాలువా కప్పి, సన్మానం చేసి, విశ్రాంతి ఇద్దాం."

రాజుగారికి ఈ మాట తేనెలా దిగింది. అప్పటికప్పుడు జరీ శాలువా తెచ్చి రాయికి నిలువునా కప్పారు. సభ చప్పట్లు కొట్టింది.

సభంటే ఏం సభ! వాకిలి కాచే ప్రతీహారి వెండికర్రతో నేలను మూడుసార్లు కొడితే చేతులు లేస్తాయి. ఏ సంగతికని అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకు లేడు. కొందరు నిద్రలోనే ఎత్తుతారు. అందరికంటే ముందు లేచేది మంత్రిగారి చెయ్యి. ఇరవయ్యేళ్లుగా దానికి పోటీ లేదు.

పేరోజు ఇదంతా రోజూ చూసేవాడే. చేతులు కట్టుకుని వినయంగా ముందుకొచ్చాడు.

"ప్రభూ, రాయికి విశ్రాంతి ఇచ్చారు, నాకూ పనిలేదు. సభ ముందు నాదొక చిన్న మాట పెట్టనిస్తారా?"

"పెట్టుకో," అన్నాడు రాజు సరదాగా.

అక్కిరాజు అప్పుడు శాలువా మడతలు సర్దుతూ, పక్కవాళ్ల మెప్పులు అందుకుంటున్నాడు.

"నెమళ్లకు నీడ కావాలి, నీళ్లు కావాలి. మంత్రిగారి మేడ చుట్టూ మామిడిచెట్లు, వెనక దిగుడుబావి. రేపు ఆ మేడ కూల్చి, తోట అక్కడే వేయాలి."

టక్. టక్. టక్.

వంద చేతులు లేచాయి. మొదటిది అక్కిరాజుది.

"మంత్రిగారి మేడ కూల్చివేతకు ఆమోదం!" ప్రతీహారి గట్టిగా చాటాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. "నా మేడా? నన్ను అడక్కుండానా? ఇదెక్కడి అన్యాయం! నా మాట వినాలి కదా!"

పేరోజు అమాయకంగా మొహం పెట్టాడు.

"వినాలని ఎక్కడ రాసుంది, మంత్రిగారూ?"

అక్కిరాజు ఒక్క ఉదుటున రాయి మీద పడి శాలువా లాగేశాడు. మూడో వరుస మీద వేలు పెట్టి, గొంతు చించుకుని చదివాడు. "కూల్చమన్నది రాజైనా సరే!" అన్నచోట మరీ నొక్కి చదివాడు.

రాజు ఒకసారి ఆ వెండికర్ర వంక, ఒకసారి తన కోట దూలాల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా గొల్లుమంది.

"మంత్రి మాట తర్వాత విందాం. ముందు గౌరమ్మను పిలవండి."

గౌరమ్మ వచ్చి దండం పెట్టింది. "కోటెనకాల గుట్టంతా ఖాళీగానే ఉంది గదా బాబయ్యా. నెమళ్లు ఆడనే తిరుగుతుంటాయి. నన్నడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని."

రెండిళ్లూ నిలిచాయి. రాతి మీంచి లాగేసిన శాలువాను రాజే తెచ్చి పేరోజు భుజాలకు కప్పాడు.

ప్రతీహారి అలవాటుకొద్దీ వెండికర్ర మూడుసార్లు కొట్టాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"ముందు సంగతేమిటో చెప్పవయ్యా!" అన్నాడు అక్కిరాజు, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.