రెండోది లేని మఠం

చిన్న కథ. స్టవ్ మీద పెట్టిన పాలు పొంగేలోపు అయిపోతుంది.

మా ఊరి మఠంలో లాప్‌టాప్ చెడిపోయింది. సుంకన్న స్వామి శిష్యుడు ఓబులేసు దాన్ని బాగుచేయబోయాడు. అంతే కథ. కానీ ఓబులేసు ఎలాంటివాడో చెప్పకపోతే మీకు అర్థం కాదు. కాబట్టి ముందు గరిటె సంగతి చెప్పాలి.

ఆ మఠంలో గరిటె ఒక్కటే.

మఠం పెట్టింది లింగమ్మవ్వ. ఒక చెంబుతో, ఒక కంబళితో ఈ ఊరికి వచ్చి, గుట్ట కింద గుడిసె వేసుకుని తత్వాలు పాడుకుంటూ బతికిందట. ఆమె పోయాక సుంకన్న స్వామి ఆ చోట కూర్చున్నాడు. ఈ ఒక చెంబు మాట ఓబులేసు చెవిన ఎప్పుడు పడిందో గానీ, ఆ రోజు నుంచి మఠంలో ఏ వస్తువూ రెండోది ఉండకూడదని నియమం పెట్టేశాడు. స్వామి అవుననలేదు, కాదనలేదు. స్వామి మాట్లాడేది తక్కువ. ఆ లోటు ఓబులేసు తీరుస్తుంటాడు.

ఒకటే చీపురు. లోపలికీ అదే, వాకిలికీ అదే. ఒకటే బల్బు. చీకటి పడితే స్వామి ఎటు పోతే బల్బు అటు పోవాలి, వైరు పట్టుకుని ఓబులేసు వెనకాల పోవాలి. అవ్వ ఆరాధన రోజు ఊరంతా మఠంలోనే తింటుంది. పప్పుకూ సాంబారుకూ పాయసానికీ అదే గరిటె. చింతపండు వాసన లేనిది పాయసమే కాదని మా ఊరి పిల్లలు అనుకుంటారు.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఖాజాబీ ఒక ఏడు తన గరిటె పట్టుకుని వచ్చింది. ఓబులేసు గడప దగ్గరే ఆపేశాడు.

"తీసుకపోక్కా. ఒకటుంటే అవసరం, రెండుంటే ఆశ."

"ఆశ కాదబ్బా, పాయసం" అంది ఖాజాబీ.

ఇక లాప్‌టాప్. అవ్వ గొంతు ఒక పాత క్యాసెట్‌లో ఉండేది. టేపు జిగురుపడుతోందని ఒక భక్తుడు ఆ పాటను చిన్న లాప్‌టాప్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్‌ను కూడా మఠానికే ఇచ్చిపోయాడు. పలక కంటే కాస్త పెద్దది. పాట అందులోకి రాగానే ఓబులేసు క్యాసెట్‌ను కాలవలో పడేశాడు. అవ్వ గొంతు రెండు చోట్ల ఉండకూడదు కదా.

ప్రతి ఆరాధనకూ అతనే లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. మొదట్లో అవ్వ దగ్గు వినబడగానే చటుక్కున పాట మొదలయ్యే చోటికి జరిపేస్తాడు. దగ్గు వింటే జనానికి భక్తి తగ్గుతుందని అతని భయం.

ఈ ఏడు, ఎల్లుండి ఆరాధన అనగా లాప్‌టాప్ లేవలేదు. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. ఓబులేసు మూత వేసి తీశాడు. దణ్ణం పెట్టి తీశాడు. గీత అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి టౌనుకు పోయాడు. లాప్‌టాప్‌ను తీసుకుపోలేదు. అవ్వ గొంతును బజారులో పెట్టనన్నాడు. కంప్యూటర్ల దుకాణం అతను సంగతంతా విని, "మిషను బాగానే ఉంటాది. దాన్ని నడిపించేది పాడైంది. మళ్లీ కొత్తగా ఎక్కించాల" అని ఒక సీడీ చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చి ఓబులేసు సీడీ పట్టుకుని లాప్‌టాప్ చుట్టూ వెతికాడు. తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. సీడీ పట్టే చోటు ఎక్కడా లేదు.

"దానికి నోరు లేదబ్బా. నీ మాదిరి కాదు" అంది ఖాజాబీ కుట్టుమిషను మీంచి.

ఫోన్ చేస్తే దుకాణం అతను, "చిన్నదా? ముందే చెప్పాల కదా! పెన్‌డ్రైవ్ తీసుకురా, దాంట్లో ఎక్కించిస్తా" అన్నాడు. లాప్‌టాప్ సంచీలో వచ్చిన ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి మఠంలో ఉంది. ఓబులేసు మళ్లీ బస్సెక్కాడు.

మధ్యాహ్నానికి పెన్‌డ్రైవ్ గుచ్చితే లాప్‌టాప్ లేచింది. ఓబులేసు మొహం వెలిగింది. తెర మీద వచ్చింది చదివాక ఆరిపోయింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కానివ్వమంటారా అని అడుగుతోంది.

చెయ్యి వెనక్కి లాక్కుని మళ్లీ ఫోన్ చేశాడు.

"అవును, అంతా పోతాది" అన్నాడు దుకాణం అతను. "కావాల్సిందేమన్నా ఉంటే ముందు ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి దాంట్లోకి తీసుకో. ఎట్లా తీయాలో చెప్తాలే."

"ఇంకోటి లేదు."

"కొనుక్కో."

"మఠంలో రెండోది ఉండదు."

"అయితే నొక్కేయ్" అన్నాడు దుకాణం అతను.

ఓబులేసు నొక్కలేదు. బటన్ మీద వేలు పెట్టడం, తీయడం. అరచెయ్యి చెమట పంచెకు తుడుచుకోవడం. బయట షామియానా గుంజలు దించుతున్నారు. గుంజ పడ్డప్పుడల్లా అతను ఉలిక్కిపడి, తన వేలు ఎక్కడుందో చూసుకుంటున్నాడు. మైకు అతను వచ్చి అవ్వ పాటకు వైరు ఎక్కడి నుంచి లాగాలని అడిగాడు. పక్క ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మాయమ్మను తీసుకొస్తాండా. మళ్లీ ఏటికి ఉంటాదో లేదో. అవ్వ పాట ఉంది కదా?"

"ఉంది" అన్నాడు ఓబులేసు.

ఖాజాబీ వచ్చి గడప బయట నిలబడింది. "నా పెన్‌డ్రైవ్ తీసుకోబ్బా. కొత్తది. ఇంకా ఖవ్వాలీలు ఎక్కించలే."

"గడప దాటకూడదక్కా."

"అయితే అవ్వ దాటి పోతాది" అని ఆమె వెళ్లి మిషను మీద కూర్చుంది.

స్వామి అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. ఓబులేసు పోయి ఎదురుగా కూలబడ్డాడు. చెప్పవలసిందంతా చెప్పాడు. చివరికి, "నియమం తప్పాల్నా స్వామీ, అవ్వను పోగొట్టుకోవాల్నా?" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

స్వామి ఒళ్లోని తొక్కలు దులుపుకుని లేచాడు. మెట్టు దగ్గర ఓబులేసు చెప్పులున్నాయి. ఒక చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్ పోతోంది. చెప్పును దాని మీదికి విసిరాడు.

చెప్పు గడ్డిలో పడింది. ట్రాక్టర్ మలుపు తిరిగింది.

"రెండున్నాయి నాయనా" అని స్వామి మళ్లీ వేరుశనక్కాయల ముందు కూర్చున్నాడు.

ఓబులేసు మెట్టు మీది ఒంటి చెప్పును చాలాసేపు చూశాడు. తర్వాత అది తొడుక్కుని రోడ్డు దాటాడు. ఎండాకాలం సిమెంటు రోడ్డు. ఒక కాలు నడిచింది, ఒక కాలు గెంతింది. షామియానా వాళ్లు పని ఆపి చూశారు.

ఖాజాబీ మిషను ఆపకుండానే పెన్‌డ్రైవ్ చాపింది. "గడప?"

ఓబులేసు గెంతుతూ మఠానికి తిరిగొచ్చాడు. పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో పెట్టుకుని గడప దాటాడు.

దుకాణం అతను ఫోన్లో చెబుతుంటే అవ్వ పాటను అందులోకి తీశాడు. తెర మీద ఆకుపచ్చ గీత చీమలా పాకింది. సగంలో ఆగింది. ఓబులేసు ఊపిరి కూడా ఆగింది. గీత కదిలాక ఊపిరి కదిలింది. పాట చేరిందని నమ్మకం లేక పెన్‌డ్రైవ్ పీకి ఖాజాబీ స్పీకర్‌కు పెట్టించాడు. అవ్వ దగ్గింది. "చాలక్కా, చాలు" అని లాక్కుని వచ్చి, కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు.

పొద్దు వాలేసరికి లాప్‌టాప్ కొత్తదానిలా లేచింది. అవ్వ మళ్లీ అందులోకి చేరింది.

తెల్లారి షామియానా నిండింది. పక్క ఊరి ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఓబులేసు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కొత్తగా ఎక్కించినదాంట్లో ఏది ఎక్కడుందో తెలియలేదు. పాటను నొక్కాడు గానీ, ముందుకు జరిపేది దొరకలేదు.

మైకులో అవ్వ దగ్గింది. తర్వాత అంది: "ఒరే సుంకా, ఆ రెండో చెంబులో నీళ్లు తే నాయనా. దీంట్లో పిల్లి మూతి పెట్టింది."

ఒక కుర్రాడి గొంతు బదులిచ్చింది. "రెండోది పక్కింటోళ్లకిచ్చినాం కదవ్వా. మూడోదాంట్లో తెస్తా ఉండు."

ఆ తర్వాత అవ్వ పాడింది. పక్క ఊరి ముసలామె కళ్లు తుడుచుకుంది.

ఓబులేసు తల తిప్పి స్వామి వైపు చూశాడు. స్వామి కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

ఆ రోజు పాయసానికి వేరే గరిటె వాడారు. ఖాజాబీ ఇంటిది.