నెమలిదొన జాగిలం ఎడమచెవి ఎందుకు మడిచింది?

ఒకప్పుడు నెమలిదొన జాగిలాలకు రెండు చెవులూ నిటారుగా నిలబడి ఉండేవి. ఇప్పుడు కుడిచెవి మాత్రమే నిలబడుతుంది. ఎడమచెవి మడిచిన తమలపాకులా కిందికి వాలి ఉంటుంది.

ఎందుకలా అని ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా బస్టాండు పక్కనున్న పెద్ద బోర్డు చూపిస్తారు. ఆ బోర్డుమీద మీసాల సైనికుడొకడు కత్తి ఎత్తి నిలబడి ఉంటాడు. అతని ఎదుట ఒక జాగిలం గాలిలోకి ఎగిరి ఉంటుంది. కింద ఇలా రాసి ఉంటుంది: 'క్రీస్తుశకం 1690లో శత్రువుల దండు కోటను ముట్టడించినప్పుడు మన వీరజాగిలం ఒంటరిగా పోరాడింది. ఆ పోరులో దాని ఎడమచెవి తెగింది. రండి, చూడండి, ఫొటో దిగండి!'

వినడానికి బాగుంది. ఫొటోకు ఇంకా బాగుంది. కాని రెండు చిన్న సందేహాలు మిగిలిపోతాయి. కత్తి తగిలిన చెవి తెగి పొట్టిదవుతుంది, అంత ముచ్చటగా మడతపడదు. పోనీ, తెగిందనే అనుకుందాం. తల్లి చెవి తెగితే పిల్లల చెవులు ఎందుకు వాలాలి? మీ నాన్నగారు తిరుపతిలో గుండు చేయించుకున్నారని మీరు గుండుతో పుట్టారా?

కనుక ఆ కథను బోర్డుకే వదిలేద్దాం. జరిగింది వేరు.

అప్పట్లో జంతువులు మాట్లాడేవి. అంతకన్నా పెద్ద విశేషమేమిటంటే, మనుషులు వినేవారు.

నెమలిదొన చుట్టూ ఎటు చూసినా గుండ్లే. ఏనుగంత గుండ్లు, ఇల్లంత గుండ్లు, ఇంటిమీద ఏనుగు ఎక్కి కూర్చున్నట్టుండే గుండ్లు. వాటి నడుమ ఇరుకు సందులు. ఒక సందులో దూరితే మూడు సందులు ఎదురయ్యేవి. కొత్తవాళ్ళు పొద్దున బయలుదేరితే, నడిచి నడిచి, సాయంత్రానికి బయలుదేరిన చోటికే వచ్చి చేరేవారు. ఆ గుండ్ల మధ్యలోనే ఒక దొన ఉండేది. దొన అంటే రాతిలో నీళ్ళు ఊరే గుంట.

ఆ ఊరి జాగిలాలకు ఒక పద్ధతి ఉండేది. కొత్తవాళ్ళను చూసి అవి మొరిగేవి కావు. రెండు చెవులూ రిక్కించి వినేవి. సందుల్లో తికమకపడే అడుగుల చప్పుడు వినబడగానే వెళ్ళి ఎదురు నిలిచేవి. ఏడడుగులు ముందుకు నడిచి వెనక్కి తిరిగి చూసేవి. మనిషి కదిలితే మళ్ళీ ఏడడుగులు. అలా దొన దాకా తెచ్చి, నీళ్ళు తాగనిచ్చి, ఊళ్ళో దిగబెట్టేవి. వెళ్ళేటప్పుడు మళ్ళీ గుండ్లు దాటించి సాగనంపేవి.

వాటన్నిటిలో చెవి చురుకైనది మిరియం. పేరుకు తగ్గట్టు నల్లగా, చిన్నగా ఉండేది. పేరమ్మ అనే ఆవిడ ఆ ఊళ్ళో బాటసారులకు వండిపెట్టే పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఆ ఇంటి అరుగుమీదే మిరియం కాపురం. దానికి ఇంకా పాలు మరవని మూడు పిల్లలు.

అంత మంచి పద్ధతి ఉన్నా ఊరికి వచ్చేవాళ్ళే తక్కువ. తిరునాళ్ళకు వెళ్ళే బళ్ళన్నీ పెద్దదారిన పోయేవి. నెమలిదొన మలుపు దగ్గర ఎద్దులైనా తల తిప్పేవి కావు. ఊరిపెద్ద మల్లిసెట్టి ఒకరోజు అందరినీ పిలిచాడు.

"పైఊరికి జలపాతం ఉంది, కిందిఊరికి ఏనుగు ఉంది," అన్నాడు. "మనకేముంది?"

"రాళ్ళున్నాయి," అన్నాడు ఊరి చాటింపులు వేసే తప్పెట ఓబన్న.

"రాళ్ళు చూడటానికి ఎవరొస్తారయ్యా? దారి పొడుగునా వాళ్ళ కాళ్ళకు తగులుతూనే ఉన్నాయిగా!"

పేరమ్మ కొంగు సర్దుకుంటూ అంది: "మన జాగిలాలున్నాయి కదా, సెట్టిగారూ. అడగకుండానే దారి చూపించే కుక్కలు ఇంకే ఊళ్ళో ఉన్నాయి?"

సెట్టికి ఆ మాట నచ్చింది. మర్నాడే ఓబన్న తప్పెట మెడలో వేసుకుని మలుపు దగ్గర నిలబడ్డాడు.

"దారి చూపించే జాగిలాలు! నెమలిదొన జాగిలాలు! రండి, చూడండి!"

మొదటిరోజు రెండు బళ్ళు ఆగాయి. వచ్చినవాళ్ళు మిరియం వెనక నడిచారు, దొన నీళ్ళు తాగారు, పేరమ్మ పెట్టిన జొన్నన్నం, ఉలవచారు తిన్నారు, సంతోషంగా వెళ్ళారు.

ఓబన్న అబద్ధాలకోరు కాడు. అతని ఇబ్బంది వేరు. ఒకసారి చెప్పిన మాటను రెండోసారి ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి చేతకాదు. రెండోవారం జాగిలం నక్కను తరిమింది. మూడోవారం తోడేలును తరిమింది. నాలుగోవారం ఎలుగుబంటి జాగిలం కాళ్ళమీద పడి క్షమించమని వేడుకుంది. అయిదోవారానికి ఓబన్న గొంతు చించుకుని అరుస్తున్నాడు: "చిరుతను నిలువునా చీల్చిన వీరజాగిలం! మిరియం! మిరియం! రండి, చూడండి!"

బళ్ళు బారులు తీరాయి. పేరమ్మ ఇంట్లో పొయ్యి ఆరడం లేదు.

"అమ్మా, నేను చిరుతను ఎప్పుడు చీల్చాను?" అని అడిగింది మిరియం.

"నన్నడుగుతావేమే? ఓబన్ననడుగు," అంది పేరమ్మ, చారు గరిట వదలకుండానే.

మిరియం అడగడానికే వెళ్ళింది. ఓబన్న పక్కన నిలబడింది. అతను తన పేరు పిలిచాడు. తప్పెట మోగింది. చుట్టూ ఉన్న జనం 'ఆహా' అన్నారు. మిరియం తోక దానంతట అదే ఊగింది. ఏమడగాలని వచ్చిందో మరిచిపోయింది.

మర్నాడు కూడా వెళ్ళింది. ఆ మర్నాడు కాస్త ముందే వెళ్ళింది. రెండు చెవులూ తప్పెటవైపే తిప్పి కూర్చునేది. గుండ్లలో ఒక ముసలాయన దారి తప్పి గంటసేపు తిరిగాడు. ఆ అడుగులు దానికి వినబడలేదు. చివరికి ఆయనే ఎలాగో ఊరు చేరి, "వీరజాగిలం ఇదేనా? నన్ను చీల్చకపోతే చాలు," అని దూరంగా జరిగి కూర్చున్నాడు.

మిరియానికి కొంచెం సిగ్గేసింది. కొంచెమే. ఇంతలో తప్పెట మళ్ళీ మోగింది.

ఆ చాటింపు ఊళ్ళు దాటి గండిసీమ దొర చెవిన పడింది. దొర పరివారంతో బయలుదేరి వచ్చాడు. వెనక ఒక బండి, బండిమీద బోను, బోనులో చిరుతపులి.

"మీ కుక్క చిరుతలను చీలుస్తుందట కదా! నాకూ ఒక చిరుత ఉంది. దాన్ని మూడురోజులుగా పస్తు ఉంచాను. భోజనాలయ్యాక గుండ్ల నడుమనున్న బయల్లో రెంటినీ వదులుదాం," అన్నాడు దొర నవ్వుతూ.

మల్లిసెట్టి ముఖం పాలిపోయింది. ఓబన్న తప్పెటను వీపు వెనక్కి తిప్పుకున్నాడు. పేరమ్మ ఇద్దరినీ వంటింటి చాటుకు లాక్కెళ్ళింది.

"ఉన్నమాట చెప్పేయండి, సెట్టిగారూ. అది పిల్లల తల్లి."

"ఇప్పుడు చెబితే ఇంకొక్క బండి ఆగుతుందా, పేరమ్మా? దానికి జ్వరమని చెబుదాం."

"మొన్ననే చాటాను," అని గొణిగాడు ఓబన్న, "మా జాగిలాలకు జ్వరం రానే రాదని."

"నోళ్ళు మీవి, ప్రాణం దానిదా?" అంది పేరమ్మ.

అరుగుమీద మిరియం అంతా వింది. మూడు పిల్లలూ పొట్టలో తలలు దూర్చి పాలు తాగుతున్నాయి. పారిపోవడం దానికి కష్టం కాదు. కాని మూడింటినీ నోట కరుచుకుని ఒకేసారి ఎలా పారిపోతుంది? పిల్లలు కడుపునిండి నిద్రపోయేదాకా ఆగి, అది మెల్లగా లేచింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా బోను దగ్గరికి వెళ్ళింది.

చిరుత ఒక కన్ను తెరిచింది. "ఓహో, నువ్వేనా? నువ్వు చీల్చింది మావాళ్ళలో ఎవరిని, చెల్లెమ్మా? పెద్దమేనమామనా, చిన్నమేనమామనా?"

"ఎవరినీ చీల్చలేదన్నా," అంది మిరియం తలవంచి. "అది ఓబన్న చాటింపు."

చిరుత రెండో కన్ను కూడా తెరిచింది. "అలాగా! మా దొర నన్ను నలభైమందిని తిన్న పులినని చెప్పి ఊరూరా తిప్పుతున్నాడు. నేను తిన్నవి మేకలు. అవి కూడా కట్టేసినవి."

మిరియానికి నవ్వొచ్చింది. చిరుతకు రాలేదు. దానికి ఆకలిగా ఉంది.

"బోను తెరిస్తే ఎటు వెళ్తావు?" అని అడిగింది మిరియం.

"అదుగో, ఆ గుండ్ల అవతల కనబడే అడవికి. కాని ఈ సందుల్లో దారి తెలియదు."

"దారి చూపడం నా పని. నా వెనకే వస్తావా?"

"వస్తాను. ఒక్కమాట, చెల్లెమ్మా. మాట నేను ఇస్తాను కాని, నా ఆకలి ఇవ్వదు. నువ్వు కదులుతున్నంతసేపూ దారివి. ఆగావంటే భోజనానివి."

భోజనాలయ్యాయి. జనం గుండ్లమీదికి ఎక్కారు. దొర మనుషులు పైనుంచి తాడు లాగారు. బోను తలుపు లేచింది. చిరుత బయటికి వచ్చి ఒళ్ళు విరుచుకుంది. పేరమ్మ కళ్ళు మూసుకుంది.

మిరియం చిరుత ఎదుట నిలబడి, వెనక్కి తిరిగి, ఏడడుగులు వేసింది. చిరుత కదిలింది. ఈసారి మిరియం ఆగలేదు. నడుస్తూనే తల తిప్పి చూసి, మొదటి సందులోకి మలుపు తిరిగింది.

ఆ గుండ్లలో దారి కళ్ళకు దొరకదు. దొనలో పడే నీటిబొట్ల చప్పుడును వింటూ పోవాలి. ఆ చప్పుడు వెనకనుంచి వస్తుంటే అడవివైపు వెళ్తున్నట్టు. మిరియం రెండు చెవులూ రిక్కించింది. టప్... టప్... ఒక మలుపు దాటింది. రెండో మలుపు దాటింది.

అప్పుడు ఓబన్న ఉండబట్టలేకపోయాడు. దడదడమని తప్పెట మోగించాడు. "చూశారా! మా మిరియం చిరుతను సందులోకి ఈడ్చుకుపోతోంది! చీల్చేస్తుంది! మిరియం! మిరియం!"

ఆ కేక గుండు నుంచి గుండుకు తగిలి సందులన్నిటా మోగింది. ఎడమనుంచి మిరియం, కుడినుంచి మిరియం. నీటిబొట్టు చప్పుడు ఆ మోతలో మునిగిపోయింది. పైగా ఏం చేస్తాం, మిరియం తోక దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. కాళ్ళు నెమ్మదించాయి. వెనక్కి వెళ్ళి ఒక్కసారి జనానికి కనబడి వస్తే ఎంత బాగుంటుంది!

ఊగుతున్న తోక కొసకు వేడిగా ఊపిరి తగిలింది.

"ఆగుతున్నావు, చెల్లెమ్మా," అంది చిరుత. ఆ గొంతు మునుపటిలా లేదు.

ఊరు మిరియానికి ఎడమపక్కన ఉంది. తప్పెటా అటే, పొగడ్తా అటే. అది పళ్ళు బిగించి, ఎడమచెవిని కిందికి వంచి, చెంపకు గట్టిగా అదిమిపెట్టింది. తప్పెట సగం తగ్గింది. కుడిచెవిని ఇంకా పైకి నిలిపింది. టప్... టప్... నీటిబొట్టు వెనకనుంచి వినబడింది. మిరియం పరుగెత్తింది. చిరుతా పరుగెత్తింది. మూడో మలుపు, నాలుగో మలుపు, రెండు గుండ్ల నడుమ వాకిలిలాంటి ఇరుకు గవిని, ఆ తరువాత ఒక్కసారిగా ఎండ, గడ్డి, అడవి.

చిరుత ఆ గడ్డిలోకి దూకి, వెనక్కి తిరిగి, "నలభైమంది సంగతి ఎవరితోనూ అనకు," అంది.

"నా సంగతీ అంతే," అంది మిరియం. చిరుత చెట్ల నీడలో కలిసిపోయింది.

మిరియం ఒక్కతే తిరిగి వచ్చేసరికి జనం ఇంకా గుండ్లమీదే ఉన్నారు. పేరమ్మ మాత్రం పరుగున వచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"నా చిరుత ఏదీ?" అని గద్దించాడు దొర.

"సాగనంపాను, దొరా. మా ఊరికి వచ్చినవాళ్ళెవరికైనా అదే చేస్తాం."

"అయితే నువ్వు చిరుతలను చీల్చలేదా?"

మల్లిసెట్టి కళ్ళు మూసుకున్నాడు. బాటసారులందరూ మిరియం వైపే చూశారు.

"లేదు, దొరా. ఒక నక్కను తరిమాను. అదీ సగం దూరమే."

ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. దారి తప్పిన ఆ ముసలాయన లేచి, "పస్తున్న చిరుతకే దారి చూపించింది. మనకు చూపించదా? నేను ఇంకో రెండురోజులు ఇక్కడే ఉంటాను," అన్నాడు. ఆరోజు ఒక్క బండి కూడా కదలలేదు.

దొర మాత్రం ముఖం ముడుచుకుని విసవిసా నడిచాడు. ఒక సందులో దూరాడు. కాసేపటికి అదే బయల్లోకి వచ్చాడు. ఇంకో సందులో దూరాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు. మూడోసారి గొంతు తగ్గించి, "ఏమమ్మా మిరియం, పెద్దదారి ఎటు?" అని అడిగాడు. మిరియం ఏడడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది.

ఓబన్న మారాడా అంటే, మారలేదు. మర్నాడే మిరియం ఏడు చిరుతలకు ముక్కుతాడు వేసింది. కాని అతని గొంతు లేవగానే మిరియం ఎడమచెవిని వాల్చేసేది. పక్కన కూర్చున్న మూడు పిల్లలూ తల్లిని చూసి తమ చెవులు వాల్చేవి. కత్తిగాటు తల్లినుంచి పిల్లకు రాదు. తల్లి నేర్పిన అలవాటు మాత్రం వస్తుంది. ఆ పిల్లలు తమ పిల్లలకు నేర్పాయి. నేర్పగా నేర్పగా, కొన్నాళ్ళకు నేర్పకుండానే చెవి వాలిపోవడం మొదలైంది.

అప్పటినుంచే నెమలిదొన జాగిలానికి కుడిచెవి నిలబడి, ఎడమచెవి మడిచి ఉంటుంది. కుడిది బాటసారి అడుగులు వినడానికి, ఎడమది తన పొగడ్త వినకుండా ఉండటానికి.

నమ్మకం కుదరనివాళ్ళు చిరుత అడవిలోకి దాటిన ఆ ఇరుకు గవిని దాకా నడిచి వెళ్ళవచ్చు. అక్కడ ఒక గుండుమీద ముందు కుక్క, వెనక చిరుత చెక్కి ఉన్నాయి. కుక్క ఎడమచెవి మడిచే ఉంది. బొమ్మ కింద తేదీ కూడా ఉంది: శాలివాహన శకం 1548, అక్షయ నామ సంవత్సరం, వైశాఖమాసం. అంటే క్రీస్తుశకం 1626, బోర్డుమీది ముట్టడికి అరవై నాలుగేళ్ళ ముందు.