బోర్లించిన గ్లాసు

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది ఎర్రగుట్ట మఠంలో రాగులు విసిరే ఓబులక్క. ఆ పొద్దు ఆమె అక్కడే ఉంది, తిరగలి ముందర. తర్వాత చాలామంది చెప్పినారు. వాళ్ళెవరూ అక్కడ లేరు. అందుకని ఓబులక్క చెప్పినట్టే చెబుతాను. ఒక మాట ఎక్కువా లేదు, ఒక మాట తక్కువా లేదు.

ఆ మఠంలో లక్కమ్మవ్వ ఉండేది. ఎనభై దాటిన మనిషి. ఆమె కాళ్ళకాడ కూర్చుని నాలుగు మంచిమాటలు విందామని ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళను ఆమె అడిగేది మాత్రం మీ పక్క వానలు పడినాయా, బర్రె ఈనిందా, అంతే.

కదిరప్ప ఆమె శిష్యుడు. పదకొండేళ్ళ కిందట ఉపదేశం అడగడానికి వచ్చినాడు. "అట్లనేలే. ముందు ఆ అంట్లు తోము" అన్నది అవ్వ. ఆ తోముడు ఇంకా అయిపోలేదు.

తోమడంలో మాత్రం కదిరప్పను కొట్టేవాడు లేడు. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. మఠానికి వచ్చిన ఆడవాళ్ళు అతను తోమిన చెంబులో చూసుకుని బొట్టు దిద్దుకునేవాళ్ళు. అది అతనికి తెలుసు. తెలిసినట్టు కనపడకుండా ఉండడం మాత్రం తెలీదు.

ఇంకొక పట్టింపు ఉంది. కడిగిన గిన్నెను అతను ఎప్పుడూ బోర్లించడు. గుడ్డతో తుడిచి, మూతి ఆకాశానికి పెట్టి వరసగా పేరుస్తాడు. "గిన్నెలు బోర్లా పడుకున్న ఇంట్లో కూడు ముగిసినట్టే" అని వాళ్ళమ్మ చెప్పింది. అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది, మాట పోలేదు.

ప్రతి పున్నమికీ, అందరూ తిని లేచినాక, చేతులు తుడుచుకుని వచ్చి అవ్వ ముందర నిలబడేవాడు.

"అవ్వా, నీ దయ నా మీద ఎప్పుడు పడుతుంది?"

"పడితే నీకే తెలుస్తుందిలే, పో."

పోయేవాడు. పోయి, విత్తనం వేసి మబ్బుకోసం చూసే రైతు మాదిరి ఇంకొక పున్నమిదాకా పైకి చూస్తా ఉండేవాడు.

అట్లుండగా ఒకరోజు పొద్దున్నే అనంతపురం నుంచి వాసంతి వచ్చింది. బ్యాంకులో పని చేస్తుంది, అవ్వంటే ప్రాణం. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. కొత్తింట్లో చోటు లేదని తన గిన్నెలు కడిగే మిషనును వ్యానులో వేసుకుని మఠానికి తెచ్చింది. తెల్లగా, నడుమెత్తున, బీరువా తమ్ముడి మాదిరి ఉంది.

"కదిరప్పన్నా, నీకే తెచ్చినా" అన్నది నవ్వుతా.

కదిరప్ప నవ్వలేదు.

వంటింటి మూలన దాన్ని నిలబెట్టి, నీళ్ళు పోయే గొట్టమొకటి, వచ్చే గొట్టమొకటి తగిలించింది. ఆమె ప్యాకెట్టు చించి లోపల అడుగున ఒక రంధ్రంలో ఉప్పు పోస్తావుంటే కదిరప్ప ఓర్చుకోలేకపోయినాడు.

"ఉప్పెందుకమ్మా? అంట్లు కడుగుతుందా, ఊరగాయ పెడుతుందా?"

"మీ బోరు నీళ్ళు చవుడు కదన్నా. గిన్నెల మీద తెల్లచారలు పడకుండా ఈ ఉప్పు లోపల నీళ్ళను మెత్తబరుస్తుంది."

"ఉప్పునీళ్ళకు ఉప్పు మందు! విన్నావా ఓబులక్కా?"

"నువ్వు కూడా వినొచ్చు కదా" అన్నది ఓబులక్క తిరగలి తిప్పుతానే. "గిన్నెలు ఎట్ల పేర్చాలో కూడా చెబుతుందంట."

"గిన్నెలు పేర్చేది నాకు చెప్పాల్నా?" అని కదిరప్ప గడ్డి కోయడానికి పోయినాడు. ఆ పొద్దు ఆవుకు మూడు మోపులు పడినాయి.

మోపులు దించి నేరుగా అవ్వ దగ్గరికి పోయినాడు.

"నన్ను పొమ్మంటున్నావా అవ్వా?"

"ఎవరన్నారు?"

"అనేదేముంది. నేను ఇక్కడుండేది తోమినందుకు. తోమేది అదయితే, ఇంక నాకు ఉపదేశం ఎందుకిస్తావు?"

అవ్వ అతని చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో నీళ్ళ పుండ్లు. రెండేళ్ళుగా మానలేదు. వదిలేసింది.

"పోయి అంట్లు దాంట్లో పెట్టు" అన్నది.

గురువు మాట. పెట్టినాడు. పన్నెండు అన్నం తినే తట్టలు, గ్లాసులు, గిన్నెలు, అన్నిటికన్నా పైన అవ్వ మజ్జిగ తాగే గ్లాసు. అన్నీ తనకు అలవాటయినట్టే, మూతులు పైకి. తట్టలు ఒకదానిమీద ఒకటి వెల్లకిల. వాసంతి అప్పటికి అవ్వ గుడ్డలు ఉతకడానికి బయట బండకాడ ఉంది. సబ్బుపొడి ఎక్కడ వెయ్యాలో, ఏ మీట నొక్కాలో ఓబులక్కకు చెప్పి పోయింది. కదిరప్ప ఓబులక్క చెప్పినట్టే పొడి వేసి, తలుపు మూసి, మీట నొక్కి, మిషనుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. అల్లుడి మంచీచెడ్డా చూడడానికి పోయిన మామ కూడా అంత గురిగా కూర్చోడు.

లోపల గుడగుడమని నీళ్ళు పడినాయి. ఆగినాయి. కొంచెం సేపు సద్దు లేదు. తర్వాత జోరున మొదలయింది.

కదిరప్ప తలుపు తెరిచినాడు. మొహానికి ఆవిరి కొట్టింది. లోపల అంతా ఆగిపోయింది.

మూసినాడు. మళ్ళీ జోరు. తెరిచినాడు. మళ్ళీ నిశ్శబ్దం.

"ఇది దొంగది ఓబులక్కా! మనం చూస్తే పని చెయ్యదు!"

"కొత్త పెండ్లికూతురు కదా, సిగ్గు."

నాలుగోసారి తెరిచేటప్పటికి వెనకనుంచి అవ్వ గొంతు వినపడింది.

"కదిరప్పా. నువ్వు కండ్లు మూసుకుని జపం చేసేటప్పుడు, లోపల ఏం జరుగుతావుందో అని నేనెప్పుడైనా వచ్చి నీ రెప్పలెత్తి చూసినానా?"

ఓబులక్క తిరగలి ఆపి నవ్వింది. కదిరప్ప తలుపు మూసినాడు. ఇంక తెరవలేదు గానీ, పీట మాత్రం ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

గంటన్నర దాటినాక మిషను కీచుమని మూడుసార్లు కూసింది. కదిరప్ప అర లాగినాడు.

లాగి, గట్టిగా నవ్వినాడు. అట్లాంటి నవ్వు అతని నోట పదకొండేళ్ళలో ఎవరూ వినలేదు.

ప్రతి గ్లాసులో నిండా మురికినీళ్ళు. గిన్నెల్లో మెతుకులు తేలుతున్నాయి. తట్టల మధ్య చారు అట్లనే ఉంది. అవ్వ మజ్జిగ గ్లాసులో కరివేపాకు ఒకటి పడవ మాదిరి తిరుగుతావుంది.

ఆ గ్లాసు తొణక్కుండా పట్టుకుని, జాతర్లో గరగ కుండ మోసేవాడి మాదిరి కదిరప్ప మఠమంతా తిరిగినాడు.

"రాండి, చూడండి! వ్యానెక్కి వచ్చిన మిషను కడిగిన గ్లాసు! ఎవరికన్నా దాహమయితే చెప్పండి!"

బండకాడనుంచి వాసంతి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. అర చూసి తల పట్టుకుంది. నోరు తెరవబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది.

కదిరప్ప గ్లాసును అవ్వ ముందర పెట్టినాడు.

"ఇంక చెప్పవ్వా. అదుంటుందా, నేనుంటానా?"

నవ్వుతానే అడిగినాడు గానీ, గ్లాసు మీదనుంచి చెయ్యి తీయలేదు. ఓబులక్క చూసింది.

అవ్వ గ్లాసు తీసుకుని, కర్ర పట్టుకుని లేచి, పెరట్లో కరివేపచెట్టు మొదట్లో ఆ నీళ్ళు పోసి వచ్చింది. మిషను ముందర పీటమీద మెల్లగా కూర్చుంది.

"నువ్వు దీనిలోపల చెయ్యి పెట్టు. పైన ఏముంది?"

కదిరప్ప వంగి, అరలు రెండూ బయటికి లాగి, చెయ్యి పెట్టి పైకప్పు తడిమినాడు. నున్నగా ఉంది. కుళాయి లేదు, జల్లెడ లేదు, ఏమీ లేదు.

"ఏమీ లేదవ్వా."

"కింద?"

అడుగున ఫ్యాను రెక్క మాదిరి ఒకటి దొరికింది. పై అర కిందుగా ఇంకొకటి బిగించి ఉంది. వేలితో తడితే తేలిగ్గా తిరిగినాయి. రెక్కల నిండా సన్న సన్న రంధ్రాలు. అన్నీ పైకి చూస్తున్నాయి.

కదిరప్ప నవ్వు ఆగింది. అతని మొహం పనివాడి మొహమయింది.

"దీన్ని తిప్పేదేది? మోటారు కనపడలేదే?"

అవ్వ వాసంతి వైపు చూసి తల ఊపింది.

"నీళ్ళేనన్నా తిప్పేది" అన్నది వాసంతి. "ఒక్క విడతకు నాలుగు చెంబుల నీళ్ళు తీసుకుని అడుగున కాచుకుంటుంది. వాటిని ఈ రెక్కల్లోకి తోస్తుంది. రంధ్రాలు కొంచెం ఏటవాలుగా ఉన్నాయి చూడు. నీళ్ళు ఒక పక్కకు ఎగజిమ్మితే రెక్క ఇంకొక పక్కకు తిరుగుతుంది. కిందపడిన నీళ్ళను ఇదిగో, ఈ జల్లెడ వడగట్టి మళ్ళీ పైకి పంపిస్తుంది. నడుమ ఆ చిన్న డబ్బీ మూత దానంతటదే తెరుచుకుని సబ్బు వదులుతుంది. చివర మంచి నీళ్ళు పోసుకుని, వేడి చేసి, ఆరబెడుతుంది."

"నాలుగు చెంబులా?" అన్నాడు కదిరప్ప. అతను పూటకు ఎనిమిది బిందెలు వాడేవాడు. "పైనుంచి ఒక్క చుక్క కూడా పడదా?"

ఆ మాట అన్నాక నున్నటి పైకప్పును ఇంకొకసారి తడిమినాడు.

అవ్వ పై అర కొంచెం ముందుకు లాగి, మజ్జిగ గ్లాసును మెల్లగా బోర్లించి పెట్టింది.

"నీళ్ళు పైనుంచే పడాలని నీకెవరు చెప్పినారు నాయనా?"

అంతే అన్నది. కర్ర పట్టుకుని లేచి తన చాపకాడికి పోయింది.

కదిరప్ప ఆ గ్లాసును చాలాసేపు చూసినాడు. తర్వాత ఇంకొక గ్లాసు తీసి, నీళ్ళు పారబోసి, చేతిలో పట్టుకుని ఆగినాడు. వాళ్ళమ్మ గుర్తుకొచ్చి ఉంటుంది. "తప్పు కాదులే అమ్మా" అని గొణిగినాడంట. బోర్లించినాడు. తర్వాత ఒక్కొక్కటే అన్నీ. తట్టలను ఒకదానికొకటి తగలకుండా, వరసలో కూర్చున్న పిల్లోళ్ళ మాదిరి నిలబెట్టినాడు. జల్లెడ ఊడదీసి కొబ్బరిపీచుతో తోమి, మెతుకులు దులిపి మళ్ళీ బిగించినాడు. రెక్కను ఒకసారి వేలితో తిప్పి చూసుకుని, సబ్బుపొడి వేసినాడు.

తలుపు మూసినాడు. మీట నొక్కినాక ఈసారి తెరవలేదు. చెవి ఆనించి, కండ్లు మూసుకుని కూర్చున్నాడు.

"ఏమి వినపడుతోంది?" అన్నది ఓబులక్క.

"మాట్లాడొద్దక్కా."

"వానా?"

"వానే. కిందనుంచి."

గంటన్నర సేపు ఆ మనిషి చెవి తీయలేదు. బుగ్గమీద వేడి తగిలి చెమట కారింది. చెమటేనా అని అడిగితే ఓబులక్క చెప్పదు.

మిషను మూడుసార్లు కూసింది. కదిరప్ప తెరిచినాడు. ఆవిరి లేచింది. అవ్వ గ్లాసు తీసినాడు. లోపల తడి లేదు, మచ్చ లేదు. కాలుతావుంది. కిటికీ వెలుతురులో దాంట్లో తన మొహం కనపడింది. వేరే పొద్దయితే నలుగురికీ చూపించేవాడు. ఆ పొద్దు తనుకూడా చూసుకోలేదు. పుండ్ల చేతులతో దాన్ని గుడ్డలో పట్టుకుని, అవ్వ దగ్గరికి పోయి, చాప పక్కన బోర్లించి పెట్టినాడు.

పెట్టి, తనూ అవ్వ ముందర బోర్లా పడుకున్నాడు. నుదురు నేలకానించి, చేతులు చాపి. పదకొండేళ్ళుగా నిలబడి దండం పెట్టిన మనిషి.

ఉపదేశం అడుగుతాడని అందరూ చూసినారు. అడగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. రెండూ అయ్యుంటాయి.

కొంచెంసేపు చూసి, వాసంతికి భయమేసింది. "అన్నా, లెయ్యన్నా" అని జబ్బ పట్టుకోబోయింది.

"ఉండనియ్యమ్మా" అన్నది అవ్వ, బోసినోటితో నవ్వుతా. "ఇంకా ఆరలేదు."

మఠం వాళ్ళు ఆరాధనకు అచ్చు వేయించిన పుస్తకంలో ఇదంతా వేరేగా ఉంది. అవ్వ నీటి గొప్పతనం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చిందంట. గ్లాసు వెండిదంట. రాసిన వెంగళరెడ్డి అప్పుడు తిరుపతిలో ఉన్నాడు, ఓబులక్కను ఒక్క మాట అడగలేదు, నేను ఉత్తరం రాయించి పంపితే జవాబియ్యలేదు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. బాగా రాయడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ పేజీ సరిచేయండి. గ్లాసు స్టీలుది. గ్లాసు బోర్లించి అవ్వ అన్నది ఒక్క మాటే, కదిరప్ప బోర్లా పడుకున్నాక ఇంకొక్క మాట. ఓబులక్క పేరు కూడా వెయ్యండి.